ఘాటు రాని మిరపకాయలు

బాలవ్వ దిష్టి తీసిందంటే సూరత్ శివారు కోసాడ్‌లోని ఆ బిల్డింగులో మూడో అంతస్తంతా దగ్గాల్సిందే. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి, "మిల్లోళ్ల దిష్టి, బిల్డింగోళ్ల దిష్టి" అంటూ మనవరాలి చుట్టూ తిప్పి, కాలుతున్న పాత పెనం మీద పడేసేది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు. రాకపోతే గట్టిగా తగిలినట్టు. సిరిసిల్ల నుంచి సూరత్‌కు ఆమె తెచ్చుకున్న ఆస్తల్లా ఈ శాస్త్రమే.

పెద్ద మనవరాలు హారతికి ప్రతి అమావాస్యకూ తీసేది. పిల్ల చక్కని చుక్క మరి. చిన్నది లతకు, గుర్తొస్తే తీసేది.

పోయిన ఎండాకాలం కుక్కర్ మూత ఎగిరి, మరిగే పప్పు హారతి మొహం మీద పడింది. ఎడమ చెంప, మెడ కాలిపోయాయి. పుండు మానాక అక్కడి చర్మం ముడతలు పడి బిగుసుకుపోయింది, వేలితో నొక్కినా తెలియదు. లోపల కూడా అలాగే అయింది. చుట్టాలొచ్చి "అయ్యో" అని ముక్కు చీదితే ఏడుపు రాలేదు. కాలేజీలో పక్కన కూర్చునే పిల్ల వేరే బెంచీకి మారితే కోపం రాలేదు. ఒక్కటి మాత్రం గుచ్చుకుంది. అమావాస్యలు వచ్చి పోతున్నాయి, బాపమ్మ లతకే దిష్టి తీస్తోంది. ఈ మొహానికి ఇంక దిష్టి తగలదని అనుకుంది కాబోలు.

నవరాత్రుల్లో అక్కాచెల్లెళ్లిద్దరూ కాలనీ గర్బాకు వెళ్లారు. లత మెరుపుల ఘాగ్రా వేసుకుని ఆడింది. హారతి మొహానికి చున్నీ చుట్టుకోకుండా కుర్చీలో కూర్చుంది. ధైర్యమేమీ కాదు, ఉక్కపోత. ఆడేవాళ్లు గుండ్రంగా తిరిగి తన ముందుకొచ్చినప్పుడల్లా చప్పట్ల తాళం తప్పుతున్నారు.

ఇంటికి రాగానే బాలవ్వ లతను పీట మీద కూర్చోబెట్టి దిష్టి తీసింది. లత లేవగానే హారతి వెళ్లి అదే పీట మీద కూర్చుంది.

"నాకు తియ్యవా బాపమ్మా?"

"నీకెందుకు బిడ్డా గిప్పుడు..." అనేసి బాలవ్వ నాలుక కరుచుకుంది.

"అందరు నన్నే చూసిన్రు. గంత ఎగిరినా లతను ఎవ్వలు చూడలే. గంతమంది చూస్తే దిష్టి తగలదా?" ఎక్కాలు అప్పజెప్పినట్టు అడిగింది హారతి.

బాలవ్వ పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఈసారి మిరపకాయలు రెండు చేతుల నిండా తీసింది. తిప్పుతూ తిప్పుతూ నోటికొచ్చిన మంత్రమే మరిచిపోయింది. పెనం మీద వేయగానే గుప్పున లేచింది పొగ. లత బయటికి పరుగెత్తింది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురింటి జశుబెన్ "మాసీ, ఫిర్ మిర్చీ?" అంటూ, మళ్లీ మిరపకాయలేమిటని తలుపు బాదింది.

"సూడు, ఘాటే లేదు" అంది బాలవ్వ, దగ్గు ఆపుకోలేక గోడ పట్టుకుంటూ. "ఎంత దిష్టి పట్టిందో నా బిడ్డకు!"

"అవ్ బాపమ్మా, జర గూడ లేదు." హారతికీ దగ్గుతో మాట తెగిపోతోంది. "వచ్చే అమాసకు గూడ తియ్యాలె."