పన్నెండు జతల కురచ బూట్లు

రెండువేల ఆరు వేసవిలో నేను గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనికి సేఫ్టీ ఆఫీసర్‌ని. కార్మికులకిచ్చే బూట్లు చీలమండ పైదాకా ఉండేవి. చెమటకు లోపల నాని పుండ్లు పడుతున్నాయని అందరిదీ ఒకటే గోల. అందుకని చీలమండ కిందనే ఆగే కురచ బూట్లు పన్నెండు జతలు నమూనాగా వచ్చాయి. పన్నెండు మందితో మూడు నెలలు గనిలో తొడిగించి, చూపుకు ఎలా ఉన్నాయి, కాలికి సుఖమా, ధరకు తగ్గట్టు మన్నుతాయా అని రిపోర్టు రాయడం నా పని. ఏరియాలో అందరికీ ఏ బూట్లివ్వాలో దాని మీదే తేలుతుంది.

బూట్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. నల్లతోలు, పక్కన సన్నటి ఎర్రగీత. నేనే ఒక జత వేసుకుని ఆఫీసు వరండాలో నాలుగు చుట్లు తిరిగి, 'సుఖం' గడిలో పూర్తి మార్కులు వేశాను. ఈ విషయంలో నాకు తెలియనిది లేదనే నా ధీమా.

మూడు నెలలకు పదకొండు జతలు కొత్తవాటిలాగే తిరిగొచ్చాయి. మన్నికకూ పూర్తి మార్కులు వేశాను. పన్నెండోది యేసుదాసుది. అడుగు ఊడి, కుట్లు తెగి, చూడబుద్ధి కాలేదు. అతను ట్రామర్, అంటే బొగ్గు టబ్బులను పట్టాల మీద నెట్టే మనిషి. నమూనాను నిర్లక్ష్యంగా పాడుచేశాడని మెమో టైపు చేయించాను. అది సర్వీసు పుస్తకంలోకి ఎక్కితే ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆగిపోతుంది.

సంతకానికి ముందు పిలిపిస్తే కుంటుతూ వచ్చాడు. చీలమండ కమిలి ఉంది. నేను అరవడం అయ్యాక, "సార్, గా పదకొండు జతల అడుగులు జర తిప్పి చూడుండ్రి" అన్నాడు.

తిప్పాను. బాయి, అంటే గని, దిగిన బూటు కుట్లలో చేరిన బొగ్గుపొడి ఎంత కడిగినా పోదు. వాటిలో ఒక్క నలుసు లేదు. ఒకదాని అడుగు గాడుల్లో పసుపు అక్షింతలు ఇరుక్కుని ఉన్నాయి.

ఆ పదకొండు మందినీ పిలిచాను. వాళ్లలో పెద్దవాడు మల్లయ్య ఏమాత్రం జంకలేదు. "గంత మంచి బూట్లు బాయిల ఎవలన్న ఏస్కుంటరా సార్? పెండ్లిళ్లకు ఏస్కున్నం."

కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. నేను మాత్రం వరండా దాటానా?

మరి నువ్వెందుకు వేసుకున్నావని యేసుదాసును అడిగాను.

"మీరు ఏస్కొమ్మన్నరు గద సార్" అన్నాడు. టబ్బు అంచు తగిలిందనీ, పాత బూటయితే ఆ దెబ్బను ఆపేదనీ చెప్పాడు.

మెమో చించేశాను. రిపోర్టు మళ్లీ రాశాను: చూపుకు బాగు, నడకకు తేలిక, గనికి పనికిరావు. ఒక్క జతను బట్టి ఎలా తేల్చావని పైవాళ్లు అడిగారు. పరీక్ష జరిగింది ఆ ఒక్క జతకేనని జవాబిచ్చాను. నమూనా వెనక్కి పోయింది. యేసుదాసు ప్రమోషన్ సమయానికే వచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పరీక్షకిచ్చిన ఏ సరుకైనా కొత్తగా తిరిగొస్తే దానికి మార్కులు వేయలేదు. పాడైన సరుకు తెచ్చిన మనిషికి ముందు కుర్చీ వేసి, తర్వాత ప్రశ్న అడిగాను.