ఊపిరి తీసుకునే చోటు

మాస్టారు పోయారన్న కబురు పొద్దున ఆరున్నరకు మా సభ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. కిందటేడు ఇదే గ్రూపులో, మృదంగం వాయించే ఆయన బతికుండగానే నివాళి బొమ్మలు పెట్టారు. అందుకని ఎవరికీ బదులివ్వకుండా మాస్టారి ఇంటికి ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తారు.

"నిజమేనమ్మా. తెల్లారగట్ల పోయిండ్రు." మళ్ళీ ఆమే అన్నారు: "అడిగి తెలుసుకున్నది నువ్వొక్కదానివే. ఆయనుంటే మెచ్చుకునేటోరు."

మా ఖమ్మంలో సంగీతం పాడి, నేర్పి, పేరు తెచ్చుకున్న ఒక గాయని ఉండేవారు. అందరూ పెద్దమ్మగారు అనేవారు. ఆమె పోయాక శిష్యులు కలిసి ఆమె పేరు మీద సభ పెట్టారు. ఏటా వర్ధంతి నాడు ఐదుగురు పిల్లలకు వేదిక ఇస్తారు. వాళ్ళకు ఏడాదంతా పాఠం కూడా చెబుతారు. పిల్లల్ని ఎంపిక చేసేది మాస్టారే. ఆమె దగ్గర అందరికన్నా ఎక్కువ కాలం నేర్చుకున్నది ఆయన.

నేను సభలోకి వచ్చింది అనుమానంతోనే. మా అమ్మాయిని రెండేళ్ళు వరుసగా తీసుకోలేదు. పాలు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు రాసిపెట్టుకునే అలవాటు నాకుంది. మూడో ఏడు ఎంపిక నాడు వెనక బెంచీలో కూర్చుని, ఎవరు ఎంతసేపు పాడారో, మాస్టారు ఎవరిని ఎక్కడ ఆపారో అన్నీ నోటుబుక్కులో రాశాను. అయిపోయాక ఆయన నేరుగా వచ్చి చెయ్యి చాపారు.

"ఏది, ఏం రాసినవో చూడనీ." చదివి, "మీ పాపను నాలుగు నిమిషాలకే ఆపిననా? గడియారం చూసినవా?" అని అడిగారు.

"చూసిన మాస్టారు."

"అయితే వచ్చే ఏడు నుంచి సభ రిజిస్టర్ నువ్వే రాయి. నన్ను నమ్మేటోళ్ళు రాస్తే దానికి విలువుండదు."

అప్పటినుంచి పదకొండేళ్ళు రాశాను. అనుమానంలో ఆయన నన్ను మించినవారని మొదటి ఏడే తెలిసింది. శ్రుతిపెట్టెను నమ్మక తంబురాతో సరిచూసుకునేవారు. ఫోన్లో పంపిన పాటలు వినేవారు కాదు. చప్పట్లు గట్టిగా మోగితే ముఖం ముడుచుకునేవారు. "చప్పట్లు పాటకా, పాప పట్టులంగాకా? ఎట్ల తెలుస్తది?" అనేవారు.

ఆయన అనుమానించనిది ఒక్కటే. పెద్దమ్మగారికి పేరు తెచ్చిన కీర్తనలో 'కరుణించు' అనే మాట ఉంది. ఆమె 'కరు' దగ్గర ఆగి, చిన్న ఊపిరి తీసుకుని, 'ణించు' అనేవారు. బయట దొరికే రికార్డులు అన్నీ ఆమె చివరి కాలంవే. అన్నింటిలోనూ ఆ విరుపు ఉంది. మా సభలో పిల్లలకు ముందు నేర్పేది అదే. అది పలకని వాళ్ళ పేరు పక్కన 'బాణీ రాలేదు' అని నేను రాసేదాన్ని.

నాలుగేళ్ళ కింద జూలూరుపాడు అవతల అడవి అంచు పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి పెళ్ళిళ్ళకు, జాతరలకు మైక్‌సెట్టు పెడతాడు. ఆ పిల్ల కరుణించు అన్న మాటను ఒకే ఊపిరిలో పాడేసింది. మాస్టారు ఆపారు.

"మాట ఎందుకు విరవలే?"

"విరిస్తే మాట మాటలెక్క ఉండదు గద సార్."

వెనక ఎవరో నవ్వారు. 'బాణీ రాలేదు' అని రాశాను. ఆ ఏడు ఐదో చోటు కమిటీ సభ్యుని మనవరాలికి దక్కింది. ఆ పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నగుర్తు పెట్టుకున్నాను.

బయట మెట్ల దగ్గర పిల్ల తండ్రి నన్ను ఆపాడు. "మేడం, మా నాయన నవమికి భద్రాచలంల మైకు పెట్టినప్పుడు పట్టిన క్యాసెట్టున్నది. పెద్దమ్మగారు వయసులున్నప్పటిది. మా పిల్ల అది వినే నేర్చుకున్నది. అండ్ల ఆమె ఆగదు."

లోపలికి వెళ్ళి మాస్టారికి చెప్పాను. ఏమంటారో చూద్దామనే చెప్పాను.

"అది ఇంకెవరి గొంతో అయ్యుంటది."

"వినకుండనే ఎట్ల తెలిసింది మాస్టారు?"

మర్నాడు పొద్దున ఇద్దరం బస్సెక్కాం.

ఆ పిల్ల వాళ్ళింట్లో లౌడ్‌స్పీకర్ గొట్టాల మధ్య మాస్టారు చాప మీద కూర్చున్నారు. మొదటిసారి విని, "గొంతు ఆమెదే" అన్నారు. రెండోసారి కళ్ళు మూసుకున్నారు. మూడోసారి మోకాలి మీద తాళం వేస్తూ, ఆ మాట దగ్గర చెయ్యి ఆపేశారు. క్యాసెట్‌లో పాట ఆగలేదు.

"నేను చేరేనాటికే ఆమెకు ఉబ్బసం," అన్నారు చివరికి. "పక్కన ఎప్పుడూ వేడినీళ్ళ చెంబుండేది. ఊపిరందక ఆగేది. మేం అది పాటల కావాలని ఏసిన సంగతి అనుకున్నం. ఇన్నేండ్లు పిల్లలకు ఆయాసం నేర్పినమ్మా నేను."

"పోనియ్యండి సార్, మంచిగనే వినబడతది గద," అన్నాడు పిల్ల తండ్రి.

"మంచిగ వినబడ్డందుకే రావాలె నాకు అనుమానం."

తిరుగు బస్సులో రిజిస్టర్ అడిగారు. నా మాట కొట్టేసి, 'బాణీ ఈ పాపదే. రానిది మాకు' అని రాసి సంతకం పెట్టారు. పై వరుసలో పెన్సిల్ గుర్తు చూశారు. "ఇదేంది?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. "ఉండనీ, చెరపకు," అన్నారు. అది ఇప్పటికీ అలాగే ఉంది. దానికి జవాబు ఆయన చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు.

కమిటీ ముందు లేచి నిలబడి తన తప్పు చెప్పారు. ఐదుగురిలో ఎవరినీ తీయలేదు. ఏటా వర్ధంతి కచేరీ చివర తాను పాడే చోటును ఆ అమ్మాయికి ఇచ్చి, మళ్ళీ ఆ వేదిక మీద పాడలేదు. ఇంట్లో ఒంటరిగా ఆ మాటను విరవకుండా పాడబోయేవారని, నాలుక తిరిగేది కాదని ఆయన భార్య చెప్పారు. ఆ మాట మాత్రం నేను ఎంక్వైరీ లేకుండా నమ్మాను.

మొన్న ఆదివారం సంతాప సభలో ఆ అమ్మాయి అదే కీర్తన పాడింది. నేను వెనక బెంచీలో రిజిస్టర్ పట్టుకుని కూర్చున్నాను. హాలు నిండా మాస్టారి పాత శిష్యులే. ఆ మాట వచ్చింది. 'కరు' దగ్గర హాలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడం వినబడింది. నేనూ పీల్చాను. ఆమె ఆగకుండా ముందుకు వెళ్ళిపోయింది.