చెయ్యి లేస్తే పడుడే

జైలుకు పోదామని చీర, దువ్వెన సంచిల సర్దుకొని పోయి, చప్పట్లు కొట్టించుకొని వచ్చిన మనిషిని ఎన్నడన్న చూసిన్రా? మీ ముందల చాయ్ తాగుతున్నది, చూడుండ్రి!

నా కొలువు మీకెరుకే. సీరియల్ల మన యాస మాట్లాడే పనిమనిషి వేషం. యజమానురాలు చెయ్యి లేపాలె, నేను "ఓయవ్వో!" అని కాళ్లు మీదికి లేపి పడాలె. సంచి నిండ పుస్తకాలు మోసుకొని తిరుగుత, సెట్ల కూసోని చదువుత. ఎన్ని చదివినా డైరెక్టరు అడిగేది గా పడుడే.

మా అక్కది జనగామ. ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం మొదలైనకాన్నించి నాతోని మాటల్లేవ్. "మన మాటను నవ్వులపాలు చేసి బతుకుతున్నవ్. నా గడప తొక్కకు" అన్నది. "మన మాటకు రాణి వేషం ఎవడిస్తున్నడే?" అంటే ఫోన్ పెట్టేసింది.

నిన్న జనగామల రోడ్డు మీద వంటావార్పు. అక్క ముందటుంటదని తెలుసు. పోలీసోళ్లు వస్తరు, అందరితోని నన్ను గూడ వ్యాన్ల ఎక్కిస్తరు, అక్క కోపం దిగుతది. గిదీ నా ప్లాను.

పోంగనే మైకు గుంజుకున్న. "దొంగకు మన మాట! రౌడీకి మన మాట! సినిమాల డాక్టరు గిట్ల మాట్లాడితే సూదిమందు పని చెయ్యదా?"

ముందు వరుసల కిసకిస. నేను గరమైన. నేనెంత గరమైతే వాళ్లకంత నవ్వు!

"అక్కా, జర గా పడుడు పడరాదే!" అన్నడొక పోరడు.

"మీ నాయినను పిల్వురా, పడగొట్టి చూపిస్త!"

రోడ్డంత ఒకటే నవ్వు. అక్క ఒక్కతే పప్పు కలుపుకుంట తల ఎత్తలే.

అంతల పోలీసు వ్యాన్ వచ్చింది. ఎస్సై దిగి, ఎదురుంగ వస్తున్న లారీని ఆపుదామని చెయ్యి లేపిండు.

లారీని! నన్ను కాదు! నా ఒంటికి గా సంగతి ఎవరు చెప్పాలె? "ఓయవ్వో!" కాళ్లు మీదికి, నేను ఉల్లిగడ్డల గంపల!

"ఆడమనిషిని కొట్టిండు!" జనం ఉరికిన్రు. ఎస్సై ముఖం పాలిపోయింది. "అమ్మతోడు, నేను ముట్టలే! చెప్పక్కా, జర చెప్పు!"

నోరు మూసుకుంటే చాలు, పొద్దూకే వరకు వీరనారిని. కానీ అబద్ధంతోని ఉద్యమం నడుస్తదా?

"ముట్టలే" అన్న. "అలవాటుకొద్ది పడ్డ."

జనంతోని పాటు కానిస్టేబులోళ్లు గూడ లాఠీలు సంకల పెట్టి చప్పట్లు!

అందరినీ వ్యాన్ ఎక్కించిన్రు. నేను కాలు పెట్టబోతే ఎస్సై అడ్డమొచ్చిండు. "నువ్వొద్దక్కా. నిన్ను లోపలేస్తే నీ సీరియల్ చూసే మా అమ్మ నాకు బువ్వ పెట్టదు. షూటింగ్‌కు పో."

"నీ కాళ్లు మొక్కుత సారూ, అరెస్టు చెయ్యి!" లోకంల ఎవలన్న గిట్ల బతిమాలుకున్నరా?

అప్పుడు వ్యాన్ లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చింది. అక్క!

"అది మా చెల్లె. ఎక్కనియ్యి" అని నా రెక్క పట్టి పైకి గుంజింది. ఇన్నేండ్లల్ల నా ముందల లేసి, నన్ను పడెయ్యని చెయ్యి అదొక్కటే.

వ్యాన్ కదిలింది. అక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని అటు తిరిగింది. భుజాలు ఎగురుతున్నయ్. ఏడుస్తున్నదనుకున్న. మెల్లగ కొంగు గుంజి చూసిన.

నవ్వుతున్నది!

"మల్లొక్కపారి పడవే," అన్నది. "ఎస్సై అడ్డమున్నడు, నాకు మంచిగ కనవడలే."

ఏం చేస్త? కాలు పెట్ట సందు లేని వ్యాన్ల, అరెస్టయిన మనిషిని, రెండో టేకు గూడ పడ్డ.