మొదటి రకం మట్టి

ఆ యార్డులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఇంటి ముందు తోట వేసుకునే ఇల్లాలైనా, లారీల కొద్దీ సరుకు ఎత్తుకుపోయే మేస్త్రీ అయినా, ఫోన్ కలవగానే "కంకరక్కేనా?" అంటారు. ఆమె కూడా అవుననే అంటుంది. పెళ్లయిన కొత్తలో వచ్చి ఆ రేకుల గదిలో కూర్చున్న మనిషి, ఇప్పటికీ మట్టి, కంకర ఆర్డర్లు రాసుకుంటూ అక్కడే కూర్చుని ఉంటే ఇంకేం పేరు మిగులుతుంది?

చెప్పుకోవడానికి ఆ పని తేలికే. తోటకు మట్టి కావాలని, నడిచే దారికి కంకర కావాలని ఎవరో ఫోన్ చేస్తారు. ఎంత కావాలమ్మా అంటే "కొంచెం" అంటారు. కొంచెమంటే ఎంత? చెంచాడా, లారీడా? వాళ్ల చేత టేపు పట్టించి, పొడవూ వెడల్పూ చెప్పించి, ఎంత లోతు పోయాలో తనే ఆలోచించి, ఎన్ని ట్రిప్పులో తేల్చేసరికి ఆమె తల ప్రాణం తోకకు వచ్చేది. అంతా అయ్యాక "మరి లారీ మా గేటులో పడుతుందంటారా?" అని మళ్లీ ఆమెనే అడుగుతారు. ఆ గేటును ఆమె కలలోనైనా చూసి ఉండదు. అయినా విసుక్కోకుండా, గేటు ఎన్నడుగులో కొలిచి చెప్పమనేది.

విసుగు సంగతి సరే, దగ్గు సంగతే చెప్పాలి. లారీ కదిలినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేచి ఆ గదిలోకే వస్తుంది. మూత పెట్టిన గ్లాసులోని నీళ్లకు కూడా రాయి రుచే. ఆ దుమ్ము ఛాతీలోకి దిగి కూర్చుంది. "ఇంకా అక్కడే పనిచేస్తే నేనిచ్చే మందులు దండగ" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మానేస్తే తిండి ఎలాగన్నది ఆమె బెంగ. ఆ బెంగకు ఆమె ఇంటి వెనకే మందు తయారవుతోంది.

ఇల్లు కొన్నప్పుడు ఆ పెరడు పెరడు కాదు. ఇటుక ముక్కలూ గట్టిపడ్డ సిమెంటూ పూడ్చిన చోటు. గడ్డి కూడా మొలవడానికి మొహమాటపడేది. మట్టి కుప్పలు అమ్ముడయ్యాక నేలకు అంటుకుని మిగిలే అడుగు మట్టిని ఓనరును అడిగి, బస్తాలకెత్తి, స్కూటరు మీద కాళ్ల దగ్గర పెట్టుకుని ఆమె రోజూ ఇంటికి తెచ్చేది. రాళ్లు ఏరింది. వీధిలో ఊడ్చి పారేసే ఆకులన్నీ తెచ్చి కుళ్లబెట్టి కలిపింది. ఇరుగుపొరుగు నవ్వారు, మొగుడు మరీ నవ్వాడు. ఆరేళ్లకు ఆ నేల గుల్లబారి, పిడికెడు తీస్తే వేళ్ల మధ్య పొడిపొడిగా రాలేది. అందులో పెంచిన మొక్కల కోసం నాలుగు వీధుల వాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. చాలు, ఇక మొక్కలమ్ముకుని బతుకుతాననుకుంది. వచ్చే నెల నుంచి రానని ఓనరుకు చెప్పేసింది కూడా. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ కాదనలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే ఆమె మొగుడూ మరిదీ కలిసి అద్దెకు తిప్పడానికి ఓ పాత కారు కొన్నారు. కొనేముందు ఎక్కడ పెట్టాలో ఆలోచించారా? లేదు, మహానుభావులు. కొన్నాక వాళ్ల కన్ను పెరటి మీద పడింది. పక్క సందులోంచి కారు లోపలికి వస్తుందట.

"నా ప్రాణం ఉండగా కుదరదు" అంది ఆమె.

మొగుడు రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. తరవాత నవ్వుతూ తిరిగాడు, అడక్కుండానే ఆమెకు టీ పెట్టి ఇచ్చాడు. మనసు మార్చుకున్నాడు కాబోలనుకుంది పిచ్చిది.

ఆ వారంలోనే ఓ పొద్దున మేస్త్రీ ఫోన్ చేశాడు. తోట పనులు చేయించే మనిషి, యార్డుకు పాత ఖాతాదారు. ఆమె ఇల్లెక్కడో అతనికి తెలీదు, తెలుసుకునే అవసరమూ ఎప్పుడూ రాలేదు.

"అక్కా, ఓ పార్టీ పెరట్లో కారు పెట్టుకోవాలట. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు. మట్టి చూస్తే మెత్తగా ఉంది, చక్రం దిగబడిపోద్ది. ఏం చెయ్యమంటావ్?"

"పైపైన కంకర పోస్తే రెండు వానలకి మింగేస్తుంది తమ్ముడూ. అడుగు లోతు మట్టి మొత్తం ఎత్తెయ్. మందపాటి పట్టా పరిచి, దాని మీద పెద్ద కంకర పోసి దిమ్మిస కొట్టించు. పైన ఇరవై ఎంఎం చిన్న కంకర. ఆ తరవాత ఒక్క గడ్డిపోచ లేస్తే నన్నడుగు."

"ఒక్క పూటలో అయిపోవాలంటున్నాడక్కా. ఇంట్లో ఆవిడకి ఇష్టం లేదంట. పనికెళ్లి సాయంత్రం వస్తదంట."

"పాపం, ఆ మహాతల్లి వచ్చి చూసుకుని ఏం చేస్తుందో!" అని నవ్వింది. నవ్వి ఊరుకుందా? "అయితే మనుషుల్ని పెట్టుకోకు, జేసీబీ పెట్టు. తీసిన మట్టి ఎక్కడా పారబోయకు, బాగుంటే మాకే తీసుకురా. లారీ ఖాళీగా రావడం ఎందుకు?" అని ఇంకో సలహా కూడా ఇచ్చింది. పని తెలిసిన మనిషి కదా, సగంలో ఆపలేదు.

మధ్యాహ్నానికి లారీ మట్టితో వచ్చింది, మేస్త్రీ కూడా దిగాడు. ఆమె బయటికొచ్చి కుప్పలో చెయ్యి పెట్టింది. రాయి తగల్లేదు. వేలెడు వానపాము ఒకటి మెలికలు తిరిగింది. ఆ యార్డులో అలాంటి మట్టి ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎవరో ప్రాణం పెట్టి పెంచారు దీన్ని" అంది. "దీన్ని ఎత్తించేసినవాళ్లు అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా?"

"మనకెందుకులే అక్కా" అన్నాడు మేస్త్రీ.

గుర్తుపట్టలేదా అని అడుగుతారేమో. జేసీబీతో పెళ్లగించి, కలగాపులగం చేసి, లారీలో పోసి తెస్తే ఎవరు గుర్తుపడతారు? కన్నబిడ్డ మొహమా అది? ఆమె దాన్ని మొదటి రకమని రాసింది. మంచి మట్టి వస్తే చెప్పమని ఎప్పటినుంచో వెంటపడుతున్న ఒకావిడకు ఫోన్ చేసి, ఆ పూటే పంపించేసింది. మంచి సరుకు మంచి చోటికి చేరిందని సంతోషించింది కూడా.

సాయంత్రం ఇంటికొచ్చి వెనక తలుపు తీసింది. చెప్పుల కింద కంకర కరకరమంది. ఇరవై ఎంఎం, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పరిచి ఉంది. మధ్యలో కారు. గోడ వారగా ఆమె మొక్కలన్నీ వేళ్లు పైకి పెట్టి కుప్పగా పడి ఉన్నాయి. ఊళ్లో వాళ్ల పెరళ్లన్నీ అడుగులూ అంగుళాలతో సహా నోటికి వచ్చిన మనిషి, తన పెరటికి ఏనాడూ టేపు పట్టలేదు. పట్టి ఉంటే మేస్త్రీ కొలతలు చెప్పినప్పుడే చెవిలో గంట మోగేది. అక్కడే గడప మీద కూలబడి చేతులు చూసుకుంది. గోళ్లలో ఇంకా ఆ మట్టే ఉంది.

"చూశావా ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు మొగుడు వెనకనుంచి.

"కంకర ఎక్కడిదో తెలుసా మీకు?"

"తెలుసు. ఇల్లెవరిదో అక్కడ చెప్పొద్దన్నాను. మేస్త్రీ నిన్నడిగి చేస్తే పని గట్టిగా ఉంటుంది కదాని... ఈ పని నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

ఇన్నేళ్ల కాపురంలో ఆమె పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఆమెకు ఒళ్లంతా మండిపోయింది.

"సిగ్గు లేదూ? నా చేత్తోనే నా నోట్లో మన్ను కొట్టించారే!"

"ఎందుకే అంత గోల? మట్టే కదా. మీ యార్డులో కొండలా ఉంటుంది, ఇంకో రెండు ట్రిప్పులు తెచ్చుకో."

"తెచ్చి ఎక్కడ పోసుకోను? నెత్తి మీదా?"

ఆయన కారు తుడుచుకోవడానికి వెళ్లిపోయాడు. ఆమె ఆ రాత్రి అన్నం వండలేదు. వండలేదేమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు ఓనరు దగ్గరికి వెళ్లి, ఆ మట్టి వెనక్కి తెప్పించమని బతిమాలింది. "అమ్మిన సరుకు వెనక్కి అడిగితే మన పరువేం కావాలమ్మా? అయినా ఈపాటికి పరిచేసి ఉంటారు" అన్నాడాయన. బిల్లుబుక్కు మూసి, "వచ్చే నెల నుంచి రానన్నావు, మరి?" అన్నాడు.

"వస్తాను" అంది.

ఆయన దాచుకోలేనంత సంతోషపడ్డాడు. ఆమెకు కొత్త ఫ్యాను పెట్టిస్తానన్నాడు.

పది రోజులు పోయాక, మట్టి కొనుక్కున్న ఆవిడ ఫోన్ చేసింది.

"కంకరక్కేనా? మట్టి చాలా బాగుందండీ, మావారికి కూడా నచ్చింది. కానీ పైన పచ్చిక పరుద్దామంటే ఏవో మొలకలు లేస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, చోటంతా అవే."

"ఆకు ఎలా ఉంది?"

"అంచు రంపంలా ఉంది. నలిపితే ఘాటు వాసన."

బంతి. మొక్కల కొట్టు తెరిచిన మొదటి వారం అమ్ముకోవడానికని, మేస్త్రీ ఫోన్ చేసిన ముందురోజే తడి చేసి చల్లిన విత్తనం. ఆమె ఫోన్ పక్కకు పెట్టి చాలాసేపు దగ్గింది. అవతల ఆవిడ ఓపిగ్గా ఆగింది.

"కలుపేనాండీ? ఉంచమంటారా?"

"పూలమొక్కలేమైనా పెట్టుకుంటారామ్మా?"

"లేదండీ. పచ్చిక ఒక్కటే. ఇంకేమీ వద్దు."

"అయితే పీకేయండి" అంది కంకరక్క. "లేతగా ఉన్నప్పుడే, వేళ్లతో సహా పీకాలి. ఒక్కటి వదిలినా పూసి, విత్తనం రాల్చి, మళ్లీ మళ్లీ లేస్తాయి. మీరు వేగలేరు."