పదహారు మందిని ఎనిమిది అని రాసిన లెక్క

అక్షర తప్పులుంటే ఏమనుకోకండి. నా చేతిరాత ఇంకా అధ్వానం, అందుకే ఫోన్‌లో రాస్తున్న...

మా చిన్నప్పుడు రుద్రూర్ దిక్కు చెరుకు నరికే కాలం వస్తే అవ్వ, బాపు తెల్లారేసరికి మడిలో ఉండేవాళ్లు. బాపు నరుకుతుంటే అవ్వ ఆకు తీసి మోపు కట్టేది. అట్లా పనిచేసే మొగుడు పెళ్లాలిద్దరినీ కలిపి ముఠాలో 'ఒక కొయ్త' అని లెక్కపెట్టేవాళ్లు. కొయ్త అంటే చెరుకు నరికే కత్తి...

మా అన్నకు జోడు లేదు. నేను ఎనిమిదో తరగతి. బాపు ముందే చెప్పిండు, "ఈసారి లెక్కల్ల తప్పితే బడి బంద్. అన్నతోని కలిస్తే ఇంకో కొయ్త అయితది."

పరీక్షలో లెక్క ఇది. పన్నెండు మంది ఒక తోటను ఎనిమిది రోజుల్లో నరుకుతారు. ఎనిమిది మంది మగవాళ్లు, ఎనిమిది మంది ఆడవాళ్లు అయితే ఎన్ని రోజులు? అందరూ సమానంగా పనిచేస్తారు.

మొదటి స్టెప్పు, పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు. రెండో స్టెప్పులో తొంభై ఆరును ఎనిమిదితో భాగించిన. పన్నెండు రోజులు...

ఆ ఒక్క లెక్కతోనే తప్పిన.

సార్ పేపర్ ఇస్తూ అడిగిండు, "ఎనిమిది మంది ఆడోళ్లు ఏడికి పోయిండ్రే? పెండ్లికా?"

క్లాసంతా నవ్విండ్రు. తల వంచుకొని చెప్పిన, "ఇద్దరు కలిస్తే ఒక కొయ్త కద సార్."

సార్ నవ్వు ఆపిండు. "మీ అవ్వ పొద్దంతా ఏం చేస్తది?"

"ఆకు తీస్తది, మోపు కడ్తది, బండిదాక మోస్తది."

"మరి ఆమె మనిషి కాదా? ఆ స్టెప్పు మళ్ల రాయి."

పదహారు అని రాసిన. ఆరు రోజులు వచ్చింది. మార్కులు మాత్రం మారలేదు...

సాయంత్రం మడికాడ పేపర్ చూపించిన. బాపు కత్తి నూరుకుంటనే అన్నడు, "సోమవారం సంది రా మరి."

"ఏం తప్పు రాసినవే?" అని అడిగింది అవ్వ. చెప్పిన. మోపు కట్టే చెయ్యి ఆగింది.

"నన్ను ఇడిసిపెట్టి రాసినవా..."

బాపు దిక్కు తిరిగింది. "పిల్ల నీ కాడ నేర్సుకున్న లెక్కనే రాసింది. తప్పు పిల్లదెట్లయితది?"

సోమవారం పొద్దున నా బడి సంచి బాపే తెచ్చి చేతికిచ్చిండు.

ఇంకొక ఏడాది చదివిన. తర్వాత పెళ్లయింది...

ఇప్పుడు మా దిక్కు మిషన్లే చెరుకు నరుకుతున్నయి. లెక్కలు చెప్పే వీడియోలు ఫోన్‌లోనే దొరుకుతున్నయి. కానీ రెండో స్టెప్పుకాడ ఆపి, మీ అవ్వ ఏదని అడిగేవాళ్లు లేరు...

మీకు కూడా మర్చిపోలేని లెక్క ఉంటే కింద రాయండి.

ఇంకో మాట... ఓపెన్ టెన్త్‌కు ఫీజు కట్టిన. ఇంట్లో ఎవరికీ తెలియదు, అవ్వకు తప్ప. ఇది ఎవరికీ పంపకండి, మీ ఫోన్‌లో ఉంటే తీసేయండి. పాసైనంక నేనే చెప్పుకుంటా.