ఏప్రిల్ పాటలు, నేను చెప్పని మాట

పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే, అడవి మొదలయ్యే చోట ప్లాస్టిక్ సంచులు తయారుచేసే చిన్న ప్రైవేటు ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఖమ్మంలో డిప్లొమా ముగించి నేను అందులో టెంపరరీ సూపర్‌వైజర్‌గా చేరాను. మాది కుసుమంచి దగ్గర పల్లె. ఫోన్ చేసినప్పుడల్లా నాన్న ఒకటే అడిగేవాడు.

"పర్మనెంట్ ఎప్పుడు జేస్తరంట?"

"ఈ మార్చి అయిపోనీ నాయినా" అనేవాడిని. అప్పటికి అలాంటి మార్చిలు రెండు అయిపోయాయి.

రెండు వేల నాలుగో ఐదో సంవత్సరం, సరిగ్గా గుర్తులేదు. ఫిబ్రవరిలో జపాన్ నుంచి కొత్త యంత్రం వచ్చింది. దాన్ని బిగించడానికి ఒక మెకానిక్ కూడా వచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. నాదీ అంతంత మాత్రమే. కానీ ఎందుకో మాకు ఒకరి మాట ఒకరికి అందేది. అందుకని మేనేజర్ నన్ను ఆయన పక్కన పెట్టాడు. ఆయన చెప్పింది పనివాళ్లకు తెలుగులో చెప్పడం, వాళ్లు అడిగింది ఆయనకు చెప్పడం, ఇదే నా డ్యూటీ.

పాటలు లేకుండా ఆయన స్పానర్ ముట్టుకునేవాడు కాదు. పొద్దున షెడ్డులోకి రాగానే చిన్న సీడీ ప్లేయర్‌కు రెండు స్పీకర్లు తగిలించేవాడు. డ్రమ్ములు, గిటార్లు, గొంతు పగిలేలా పాడే కుర్రాళ్లు. వాళ్ల తర్వాత పియానో మీద ఒక ఆడపిల్ల, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా. మొదటి వారం నాకు అన్నీ ఒకలాగే వినిపించాయి. తర్వాత ఒకటి పట్టుకున్నాను. పాటేదైనా 'హరు' అనో, 'సకురా' అనో రాకుండా ఉండదు. అవేంటని అడిగాను.

"వసంతం పాటలు" అన్నాడు. హరు అంటే వసంతమట, సకురా అంటే అప్పుడు పూసి రాలే పూలట. వాళ్ల దేశంలో బడి మొదలయ్యేదీ, ఉద్యోగంలో చేరేదీ ఏప్రిల్‌లోనేనట. మార్చిలో అందరూ విడిపోతారు, ఏప్రిల్‌లో కొత్త చోట కొత్త బూట్లతో నిలబడతారు. అందుకే బ్యాండ్ల వాళ్లు ఏటా ఆ రోజులకని పాటలు కడతారట. ఆయన చిన్న కూతురు ఆ ఏప్రిల్‌లో మొదటి ఉద్యోగంలో చేరబోతోంది. "ఆ రోజు నేను ఇంట్లో ఉండను. అందుకని పాటలన్నీ ఏరి ఈ సీడీ చేసి ఇచ్చింది" అన్నాడు.

ఆ యంత్రం మీద పనికి పెట్టినవాళ్లలో ఒక కోయ అన్న ఉండేవాడు. ఊరు దగ్గరే, అడవిలో. నాకంటే పదేళ్లు పెద్ద. పాట జోరుగా వచ్చినప్పుడు ఖాళీ డబ్బా మీద డ్రమ్ము దెబ్బలు లయ తప్పకుండా కొట్టేవాడు. ఒకరోజు అడిగాడు.

"ఏమంటుండు సారు గాయన? గంతగనం మొత్తుకుంటుండు."

మెకానిక్‌ను అడిగి చెప్పాను. "చెట్ల పూలు రాలుతున్నయట అన్నా. దోస్తును ఇడిసి పోతున్నడట."

"పూలు రాలితే ఏడుస్తరా? మా దిక్కు ఇప్పపూలు రాలితే తెల్లారకముందే గంపలు పట్కొని ఉరుకుతం!"

ఈ మాట ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక మెకానిక్ చేతిలో పని వదిలేసి నవ్వాడు. మర్నాడు అన్న ఆకులో చుట్టి ఇప్పపూలు తెచ్చాడు. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని తిన్నాడు.

యంత్రం ముందు రెండు రోలర్లు ఒకదానికొకటి ఎదురు తిరిగేవి. వాటి మధ్యలోకి చేతులు పోకుండా అడ్డంగా ఇనుప జాలీ. జాలీ లేకుండా యంత్రం నడపకూడదని మెకానిక్ మొదటి రోజే చెప్పాడు. ఆ మాట పనివాళ్లందరికీ తెలుగులో చెప్పింది నేనే.

మార్చి సగంలో ఒకరోజు ఆయనకు జ్వరం వచ్చి రూములో ఉండిపోయాడు. ఆర్డర్ ఆలస్యమైందని మేనేజర్ మండిపడుతున్నాడు. రోలర్లకు ప్లాస్టిక్ చుట్టుకున్నప్పుడల్లా యంత్రం ఆపి, జాలీ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాల్సి వస్తోంది.

"ఆ జాలీ తీసేసి నడపమను" అన్నాడు మేనేజర్ నాతో.

నేను షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఆ మాట చేరవేశాను.

"అన్నా, జాలీ తీసెయ్యమంటున్నడు సారు."

"జపాను సారు వద్దన్నడు గద?"

"ఆయన ఇయ్యాల లేడు గద. తీసెయ్."

అన్న నా వైపు ఒకసారి చూసి జాలీ విప్పాడు. గంట గడవలేదు. అరుపు విని నేను పరుగెత్తేసరికి ఎవరో యంత్రం ఆపారు. అన్న కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

రెండో రోజు మెకానిక్ జ్వరంతోనే వచ్చాడు. జాలీ ఎవరు తీశారని అడిగాడు. మేనేజర్ నా వైపు తిరిగి, "పని తొందరగా అవుతుందని వాడే తీశాడని చెప్పు" అన్నాడు. వెంటనే, "నీ పర్మనెంట్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది" అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. మెకానిక్ నా ముఖంలోకి చూసి, "నిజమేనా?" అని అడిగాడు. నిజమేనన్నాను. ఆయన తన రిపోర్టులో అలాగే రాసుకున్నాడు.

దవాఖానాకు వెళ్లినప్పుడు అన్న నిద్రలో ఉన్నాడు. ఆయన భార్య నన్ను బయటికి పిలిచింది.

"సారూ, మీరే తీయమన్నరట గద. గా మాట ఆఫీసుల ఒక్కసారి చెప్పుండ్రి. ఈయనదే తప్పని రాసుకున్నరట."

"నేను అప్పుడు అక్కడ లేనమ్మా" అన్నాను. కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

మార్చి ఆఖర్లో మెకానిక్ వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆ సీడీ నా చేతిలో పెట్టాడు. "నీకూ ఏప్రిల్‌లో కొత్త జీవితం కదా" అన్నాడు. ఆయన నన్ను నమ్మాడు. ఏప్రిల్ ఒకటిన పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది. ఫోన్‌లో నాన్న ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ ఏడాదంతా ఆ పాటలు విన్నాను. వెనక్కి చూడకు, నడువు అనే పాటలు మొదట్లో నాకోసమే పాడినట్టుండేవి. ఒక పాట మాత్రం పూర్తిగా వినలేకపోయేవాడిని. మెకానిక్ దాని అర్థం నాకు వివరంగా చెప్పాడు. ఊరు వదిలి వెళ్లే స్నేహితుణ్ణి క్షమించమని అడగడానికి ఒక కుర్రాడు స్టేషన్‌కు పరుగెత్తుతాడు. రైలు కదిలిపోతుంది. "ఈ పాటలన్నీ కొత్తగా మొదలుపెట్టమంటాయి. కానీ చెప్పాల్సింది చెప్పి వెళ్లమంటాయి" అన్నాడాయన. అప్పుడు తలూపాను. ఆ మాటలో మొదటి సగం ఒక్కటే నాకు పనికొచ్చిందని తర్వాత తెలిసింది. యంత్రం పక్కనుంచి నడిచినప్పుడల్లా చేతులు జేబుల్లో పెట్టుకునేవాడిని.

మళ్లీ ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. ఒక ఆదివారం పొద్దున అన్న వాళ్ల ఊరు వెళ్లాను. వాకిట్లో చాప మీద పూలు ఆరబోసి, ఎడమ చేత్తో తిరగేస్తున్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"అన్నా, ఆ రోజు తీయమన్నది నేనే. ఆఫీసుల అబద్ధం చెప్పిన."

"నాకు ఎరుకలేదా? తలుపు కాడ నిలబడి చెప్తివి."

"మరి నన్నెందుకు అడగలే?"

"మా ఆమె అడిగింది గద. నువ్వు లేనన్నవు." మళ్లీ పూలు తిరగేశాడు. "ఇప్పుడు ఎందుకొచ్చినవ్?"

"రాసిస్త. లేబర్ ఆఫీసుల చెప్త."

"నౌకరి పోతది."

"అవ్."

అతను నన్ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. భార్యను పిలిచి కోయ భాషలో ఏదో చెప్పాడు. ఆమె లోపలికెళ్లి దవాఖానా కాగితాలున్న సంచి తెచ్చి నా ముందు పెట్టింది. మంచినీళ్లు మాత్రం ఇవ్వలేదు.

లేబర్ ఆఫీసులో రాసిచ్చిన నెల తిరక్కుండానే నౌకరి పోయింది. ఖమ్మంలో కిరాయి గదిలో ఉంటూ, కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు టైపింగ్ నేర్పాను. జపాన్‌కు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. జవాబు రాలేదు. చేరిందో లేదో తెలియదు. నాన్న కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

విచారణ ఏడాది పైనే సాగింది. నన్ను రెండుసార్లు పిలిచారు. రెండోసారి మేనేజర్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అతని ముందే, ఎవరు ఎవరితో ఏమన్నారో వరుసగా చెప్పాను. చివరికి తప్పు ఫ్యాక్టరీదేనని తేలింది. అన్నకు రావలసిన పరిహారం పూర్తిగా రాలేదు గానీ వచ్చింది.

పరిహారం ఇచ్చే రోజు సంతకాలు తీసుకునే గుమాస్తా అన్న కుడిచేయి చూసి సిరా డబ్బా ముందుకు జరిపాడు. "వేలిముద్ర వెయ్యి. జల్దీ, వెనక మంది ఉన్నరు."

"ఆగుండ్రి" అన్నాడు అన్న. ఎడమ చేత్తో పెన్ను తీసుకున్నాడు. కాగితం జారకుండా కుడిచేతిలో మిగిలిన వేళ్లతో అదిమిపెట్టి, ఒక్కో అక్షరమే దిద్దుతూ తన పేరు రాయడం మొదలుపెట్టాడు. వెనక ఎవరో గొణిగారు. పేరు పూర్తయ్యేదాకా అతను తలెత్తలేదు.