తవిటయ్య చేతిమీది వాచీలు

"యాభై ఆరు. మళ్లీ యాభై ఆరే. దీనికి ఊపిరితిత్తుల్లో నిమ్మే చేరింది, డాక్టరుగారికి తెలియడం లేదు."

తనలో తనే అనుకుంటూ శ్రీరంజని చోడవరం బస్టాండు పక్కనున్న వాచీల కొట్టు ముందు ఆగింది. భుజం మీద నిద్రపోతున్న ఎనిమిది నెలల ఇందు. గుప్పిట్లో పట్టీ పిన్ను విరిగిన వాచీ. ఏడాదిలోపు పిల్లలకి ఊపిరి నిమిషానికి యాభై దాటితే ప్రమాదమని చదివిన దగ్గర్నుంచి ఈ బీయస్సీ అమ్మాయి రోజుకి ఆరుసార్లు పిల్ల పొట్ట చూస్తూ లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తోంది. డాక్టరు రెండుసార్లు చూసి ఏమీ లేదన్నా నమ్మకం కుదరలేదు. విశాఖపట్నంలో ఎక్సరే తీయించాలని పన్నెండు గంటల బస్సుకి బయల్దేరింది.

"పిన్ను వేసేయండి తవిటయ్యగారూ, బస్సు వచ్చేస్తుంది."

తవిటయ్యది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. చిన్నప్పుడే కాలు సరిగా రాక, చెరకు తోటలో పనికి రాడని ఇంట్లోవాళ్లు అనకాపల్లిలో మేనమామ వాచీల కొట్లో కూర్చోబెట్టారు. పని నేర్చుకుని చోడవరంలో సొంత కొట్టు పెట్టుకున్నా, అలా కూర్చున్నవాడు ముప్పై ఏళ్లయినా లేవలేదు. బ్యాటరీ వాచీలొచ్చి బేరాలు తగ్గినా పద్ధతి మార్చుకోలేదు. బాగుచేసిన ప్రతి వాచీనీ మూడు రోజులు తన చేతికి పెట్టుకుని తిరిగితేగానీ ఇవ్వడు. బల్లమీద బుద్ధిగా నడిచే వాచీ చేతిమీద పేచీ పెడుతుందంటాడు. అందుకే ఎడమచేతికి ఎప్పుడూ మూడో నాలుగో వాచీలుంటాయి.

"గాజులేసుకున్నట్టున్నావు, మళ్లీ పెళ్లేటి బావా?" అని పక్కన పువ్వులమ్మే దేముడమ్మ ఏడిపిస్తుంది.

"ముహూర్తం తప్పిపోకూడదనే కదే ఇన్ని పెట్టుకున్నాను!"

తవిటయ్య వాచీ అందుకుని, "ఇది మగోళ్లది కదమ్మా?" అన్నాడు.

"మావారిది. నాదాంట్లో సెకన్ల ముల్లు లేదు. పిల్ల ఊపిరి లెక్కపెట్టాలి."

పిన్ను వేయబోతున్న చెయ్యి ఆగింది. వాచీని చెవికి ఆనించాడు. బల్లమీద పడుకోబెట్టి చూశాడు, నిలబెట్టి చూశాడు.

"టైము తప్పడం లేదండీ, రోజూ రేడియోతో సరిచూస్తాను," అంది శ్రీరంజని.

"టైము బాగానే ఉంది. సెకన్ల ముల్లే వదులైపోనాది. సెయ్యి ఎత్తి సూసేరనుకోండి, పైకెక్కలేక జారతంది. ఇదిగో, సూడండి."

ఎనిమిది దాటిన ముల్లు వెనక్కి జారింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. అది పన్నెండు చేరేసరికి తవిటయ్య చేతి వాచీలో డెబ్బై అయిదు సెకన్లయ్యాయి. శ్రీరంజని కళ్లెప్పుడూ పిల్ల పొట్టమీదే. ముల్లు పన్నెండు దగ్గర బయల్దేరడం, పన్నెండుకి చేరడం చూసిందే తప్ప మధ్యలో అదేం చేస్తోందో చూడలేదు.

"అయితే..."

"అయితే ఏటి, మళ్లీ లెక్కెట్టండి," అంటూ తవిటయ్య తన చెయ్యి చాపాడు.

మొదటి వాచీతో నలభై అయిదు. రెండోదాంతో నలభై నాలుగు. మూడోదాంతో మళ్లీ నలభై అయిదు. నాలుగోది చూడబోతే కళ్లలో నీళ్లు తిరిగి అంకెలు కనపడలేదు. ఈలోగా ఇందు లేచి, ఆ చేతినే పట్టుకుని ఒక పట్టీ నోట్లో పెట్టుకుంది.

"ఓసి గుంటా! అది గోవాడ సత్యారావుది, నువ్వు నమిలేస్తే ఆడికేటి సెప్పనే?"

"బస్సెల్లిపోనాదని ఏడుస్తారేటమ్మా, ఒంటిగంటకి ఇంకోటుంది!" అని దేముడమ్మ అరిచింది.

"నేను వెళ్లడం లేదులే దేముడమ్మా," అంటూ శ్రీరంజని నవ్వేసింది.

తవిటయ్య ముల్లు బిగించి, ఆ వాచీని తన చేతికి తగిలించుకున్నాడు. మూడు రోజులాగి రమ్మన్నాడు. ఆమె మొహంలో మళ్లీ కంగారు కనిపించింది. అన్నాళ్లు లెక్కపెట్టకుండా ఎలా ఉండడం?

అప్పుడాయన చెప్పిన మాటే, ఇందుకి జలుబు చేసినప్పుడల్లా, ఇప్పటికీ శ్రీరంజని పాటిస్తోంది.

"ముందు గుంటని సూడండమ్మా. పాలు తాగతందా, నవ్వతందా, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతన్నాయా, అది సూడండి. అప్పటికీ బెంగ తీరకపోతే వాచీ సూడండి. ముందు వాచీ సూసేసి, ఆనక పిల్లని సూడకండి."